షమీమ్ చదివిన ఇంగ్లీషు వాక్యం

చిన్నప్పుడు బడికి పోకుండా పత్తి చేలల్లో కూలికి పోయి, విత్తనాల కోసం ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దే క్రాసింగ్ పని చేసేదాన్ని. అందుకే యాభై ఏళ్లకు గానీ నాకు రాయడం రాలేదు.

మొన్న మనవరాలు చదివిన ఇంగ్లీషు వాక్యానికి నేను అర్థం అడిగితే, చిన్నప్పటి పక్కింటి షమీమ్ గుర్తొచ్చింది. మా ఊరు మానవపాడులో ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి అదే వాక్యం చదివింది. "నేను ఏ పిల్లతోని ఆడుకుంటనో, ఆ పిల్ల మంచిది," అని అర్థం చెప్పింది.

పుప్పొడి అంటిన వేలు పేజీ మీద పెట్టి, "నా గురించి రాసిండ్రా?" అన్నాను.

"పిచ్చిదానా, గది పుస్తకంల పిల్ల. నువ్వు గాదు!" అని నవ్వింది.

వారం రోజులు అలిగాను. ఆ వారమంతా షమీమ్ ఎవరితోనూ ఆడలేదు, మా అరుగు మీద ఒక్కతే కూర్చుంది. ఆ వాక్యంలోని పిల్ల నేనేనని అప్పుడు తెలియలేదు. తర్వాత పెళ్లయి రాయచూరు పోయింది.

మనవరాలు ఆ వాక్యం చదివిన మర్నాడు పొద్దున్నే షమీమ్ వాళ్లన్న కొట్టుకు వెళ్లి, ఆమె చిరునామా అడిగి నా చేత్తోనే రాసుకున్నాను.