పెరగలేదంటే బావకు పడదు

మండల ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, నేటి నుంచి మా బావ ఎదుట ‘పెరగలేదు’ అనే మాట నిషేధం.

బావ స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పత్తి రైతు. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డకు మాత్రలు వాడుతున్నాడు. ఈ రోజు స్కాన్ చూసిన డాక్టరు, గడ్డ పెరగలేదని సంతోషంగా చెప్పాడు. పెరగలేదంటే చేను పోయినట్టే లెక్క బావకు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

“ఇన్ని దినాలు మింగితె గిదేనా? ఇగ నేను మింగ.”

డాక్టరు చెప్పినదాంట్లో నాకర్థమైంది ఇంతే. పెరగమనే సంకేతం ఆగకుండా వస్తుంటే, కాపలా జన్యువులు ఆ కణాన్ని ముసలిదాన్ని చేసి కూర్చోబెడతాయట. క్యాన్సర్‌లో ఆ కాపలా చెడిపోతుంది. ఇప్పుడు మందు ఆ సంకేతాన్ని అడ్డుకుంటోంది, కొన్ని కణాలు ముసలివై ఉండొచ్చు.

“బావా, పత్తి మరీ ఏపుగ పెరిగితె కొసలు తుంచుతవా లేదా? మందు గదే చేస్తున్నది, కొన్ని కణాలు ముసలియై కూసుంటయట. డాక్టరు నాయినకు రేగొండల పత్తి చేనున్నదట, ఆయనే చెప్పిండు.”

“మరి ముసలిదైనంక సావదా, బామ్మర్ది?”

“నువ్వు ముసలోనివైనవు గద, సచ్చినవా? మంచంల కూసొని అందర్ని తిడ్తలేవా? గదీ అంతే. గందుకే మాత్ర ఇడువొద్దు.”

బావ నవ్వాడు, దగ్గాడు, నీళ్ల సీసా అడిగి మధ్యాహ్నం మాత్ర మింగాడు.

మీ ఇంటి మొండి రోగులను మీరెట్లా దారికి తెస్తున్నారో చెప్పండి. అన్నట్టు, రేగొండలో ఆ పత్తి చేను ఆ మెట్ల మీద నిలబడి నేను నోటితో వేసిందే.