సుభద్రక్క రాయి వేసిన జాగా

బైపాసు మీద బంకులో స్కూటీకి పెట్రోలు పోయించుకునేటప్పుడు ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు సుభద్రక్క గుర్తొస్తుంది. ఆవిడ దగ్గర ఎప్పుడూ వచ్చేది కొబ్బరినూనె, పాలబువ్వ వాసన. పెట్రోలుతో ఆవిడకు చుట్టరికమేమీ లేదు, ఉన్నదల్లా తగాదా. ఆవిడ పోయి ఏడాది దాటింది.

రాయచూరులో మా గల్లీ చివర, తన ఇంటి ముందరి రెండు గదుల్లో సుభద్రక్క చంటిపిల్లల బడి నడిపేది. బడి అంటే పలకా బలపం కాదు. ఉద్యోగాలకు పోయే తల్లుల పిల్లలకు తినిపించి, నిద్రపుచ్చి, సాయంత్రం నవ్వుతూ అప్పజెప్పడం. నేను బాళగనూరు వైపు కాలువ కింది ఊళ్లో పెరిగినదాన్ని. నాది బ్యాంకు ఉద్యోగం, మా ఆయనకు పవర్ స్టేషన్‌లో షిఫ్టులు, ఇంట్లో పెద్దదిక్కు లేదు. మా పాపను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టిన మొదటిరోజు పాపకంటే నేనే ఎక్కువ ఏడ్చాను. "పిల్ల ఊకున్నది, ఇగ నువ్వు ఊకో. బ్యాంకుల కూడ గిట్లనే ఏడుస్తవా ఏంది?" అని గేటు వేసేసింది. ఆ తల్లి అలా తరిమి ఉండకపోతే నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చునేదాన్ని.

గల్లీ మూల, బడికి ఎదురుగా ఉన్న ఖాళీ జాగా వీరేశంది. ఆయన పిల్లలు సుభద్రక్క చేతిలో పెరిగినవాళ్లే, మనవరాలు అప్పుడు మా పాపతోపాటు అక్కడే ఉండేది. ఒకరోజు వీరేశం భార్య ఇంటింటికీ వచ్చి బొట్టు పెట్టి భూమిపూజకు పిలిచింది. మా గల్లీలో బొట్టు పెట్టి పిలిస్తే పోకుండా ఉండటమనేది లేదు. ఏం కడుతున్నారని అడగడం మర్యాదా కాదు. అందరం పోయాం. సుభద్రక్క చెయ్యి మంచిదని ఆవిడతోనే మొదటి రాయి వేయించారు. కడుపునిండా భక్ష్యాలు తిని ఫోటోలు దిగాం. నెల తిరక్కముందే తెలిసింది, అక్కడ రాబోయేది పెట్రోలు బంకని.

బడి గేటుకు ఎదురుగా ట్యాంకర్లంటే ఏ తల్లి పిల్లను వదులుతుంది? కొందరు అప్పుడే వేరే చోటు వెతకడం మొదలుపెట్టారు. బంకు వస్తే బడి మూతపడుతుంది, బడి మూతపడితే నాలాంటివాళ్లం ఇంటికే. గల్లీవాళ్లమంతా మున్సిపాలిటీ ఆఫీసులో అభ్యంతరం చెప్పాం. వీరేశం ఏమీ తడుముకోలేదు. ఆ భూమిపూజ ఫోటో పట్టుకెళ్లి, గల్లీ అంతా వచ్చి దీవించిందని చూపించాడు. అందులో రాయి వేస్తూ సుభద్రక్క, వెనకాల నోటినిండా భక్ష్యంతో నేను. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

విచారణ దసరా అయ్యాక అన్నారు. పండగ సాయంత్రం సుభద్రక్క కొంగులో జమ్మి ఆకు మూటగట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. జమ్మిని బంగారమని పంచుకుని, కోపతాపాలు వదిలేసుకోవడం ఇక్కడి ఆనవాయితీ.

"నడువు, వీరేశం ఇంటికి పోయొద్దాం."

"మనల్ని అంత మోసం చేసినాయనకి బంగారం ఇస్తారా అక్కా? నేను రాను."

"కేసు ఆఫీసుల ఉంది, గల్లీల లేదు. నడువు."

నిజానికి చిన్నవాళ్లే పెద్దల ఇంటికి రావాలి. ఆవిడ పెద్దదై ఉండీ తనే ముందు పోయింది. నేను పళ్లు నూరుకుంటూ వెనకాల నడిచాను. మమ్మల్ని చూసి వీరేశం లేచి నిలబడ్డాడు. ఆవిడ ఆయన చేతిలో ఆకు పెట్టి, "బంగారం తీస్కో వీరేశం, సల్లగుండు. సోమవారం నీ బంకు వద్దని గట్టిగ చెప్త. ముందుగాల నీకే చెప్పిపోదామని వచ్చిన" అంది.

వీరేశం నవ్వలేక నవ్వాడు. "ఏంది టీచరమ్మా, ఒక చేతిల బంగారం, ఇంకో చేతిల కత్తి."

"రెండు చేతులు నీ ముంగటనే ఉన్నయి గద. ఎనక ఏం దాచలే."

ఆయన వంగి ఆవిడ కాళ్లకు దండం పెట్టాడు. బంకు కోసం పెట్టుకున్న అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

సోమవారం ఆఫీసరు ఫోటో చూపించి, "ఈ రాయి వేస్తున్నది మీరే కదమ్మా?" అని అడిగారు.

"నేనే సార్. పిలిచిండ్రు, పోయిన. మల్ల పిలిస్తే మల్ల పోత. పూజకు పోయిన గని పెట్రోలుకు పోలే. ఆ జాగల ఇల్లు కట్టమనుండ్రి, పాలు పొంగియ్యనీకి కూడ నేనే వస్త."

ఆఫీసరు వీరేశం వైపు తిరిగి, బంకు అని చెప్పే పిలిచారా అని అడిగారు. చెప్పాననేస్తే కాదనడానికి మా దగ్గర సాక్ష్యమేదీ లేదు. వీరేశం, "చెప్పలే సార్" అన్నాడు. దసరా నాడు మేము ఆ గడప తొక్కి ఉండకపోతే ఆ మాట ఆయన నోట వచ్చేది కాదని ఇప్పటికీ నా నమ్మకం. తర్వాత పిల్లలు ఇళ్లకు పోయే వేళకు ఆఫీసరు వచ్చి గల్లీ చూసుకుని వెళ్లారు. బంకుకు అనుమతి రాలేదు.

వీరేశం అక్కడ కొట్లు కట్టాడు. ప్రారంభానికి మళ్లీ బొట్టు పెట్టి పిలిచారు. ఏం కొట్లని నేను అడగబోతే సుభద్రక్క నా చెయ్యి గిల్లింది.

ఇప్పుడు నేను ఎవరిమీదైనా ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే ముందు వాళ్ల తలుపు తట్టి, మొహం మీదే చెప్పి వస్తాను. ఆవిడ ధైర్యంలో పావు వంతైనా నాకు లేదు. కానీ మండిపడుతూ తలుపు తీసినవాళ్లు కూడా, ఇంతవరకూ, కూర్చోమనకుండా నన్ను పంపలేదు.