చేతిసంచిలో బెల్లం

పుంగనూరులో మాది బెల్లం మండీ. కొత్త బెల్లం దిగినప్పుడు మొదటి ఉండని పారే నీళ్లలో గంగమ్మకి వదలడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడాది మా చుట్టుపక్కల వంకలన్నీ ఎండిపోయాయి. కుప్పం వైపు అడవిలోయలో ఊట ఎండదని విని, నేనూ నా భార్యా అక్కడికి వెళ్లాం.

గేటు దగ్గర గైడు మమ్మల్ని ఆపాడు.

"తినేటివేమన్నా ఉంటే ఈడే పెట్టేయండప్పా. ఏనుగులు తిరగతా ఉండాయి. బెల్లం వాసన శానా దూరం పసిగడతాయి."

"ఏమీ లేవప్పా" అంది నా భార్య. అడవిలోకి బెల్లం వద్దంటుందని, ఊట చూసొద్దామని మాత్రమే ఆమెకి చెప్పాను. ఉండని ఆమె చేతిసంచిలో టవలు కింద దాచింది నేను. బెల్లం గురించి ఈయన నాకు చెప్పేదేమిటన్న పొగరుతో నోరు మెదపలేదు.

కాలిబాట రాళ్ల మధ్య దిగుతూ పోయింది. ఊట కనపడగానే నా భార్య ముందుకెళ్లి మొహం కడుక్కుంటోంది. గైడు నేలమీద ఏనుగు లద్దె చూసి ఆగిపోయాడు. ఇంకా ఆవిరి వస్తోంది. వెనక్కి పోదామని అతను అనేలోపే అవతల వెదుర్లు ఫెళఫెళా విరిగాయి.

ఒంటరి ఏనుగు. నీళ్లకి అవతలి గట్టున నిలబడింది.

"కదలాకండి" అన్నాడు గైడు మెల్లగా. ఏనుగు తొండం ఎత్తి, మా ఇద్దరినీ వదిలేసి, ఆమె భుజాన ఉన్న సంచివైపే చాచింది. ఎందుకో నాకొక్కడికే తెలుసు. చెప్పాలి. చెబితే గైడు ముందు అబద్ధాలకోరునవుతాను. ఏనుగు నీళ్లలో కాలు పెట్టింది. అప్పుడు కూడా చెప్పలేదు. ఇంకో అడుగు వేసింది.

"సంచి ఇసిరేయ్, దాంట్లో బెల్లం ఉండాది" అన్నాను చివరికి.

ఆమె సంచిని దూరంగా విసిరింది. ఏనుగు అటు తిరిగింది. గైడు ఆమె చెయ్యి పట్టి లాగాడు. ముగ్గురం వెనక్కి చూడకుండా బాట ఎక్కాం.

గేటు దాకా గైడు నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. బస్సులో కూర్చున్నాక నా భార్య అడిగింది, "ఏనుగుని సూసినాక గూడా అంతసేపు యాల సెప్పలేదు?" అని.

"భయానికి నోరు రాలేదు" అన్నాను.

అది అబద్ధం. గైడు ఏమనుకుంటాడోనని ఆమెని ఏనుగు ముందు నిలబెట్టాను. ఈ సంగతి ఎప్పుడు బయటపడుతుందోనని ఇప్పటికీ భయమే.

ఆ రోజు బస్సులో ఆమె నమ్మింది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "పోనీలెండి, ఇంగ భయపడాకండి" అంది.