జనం మైకు మూసి విన్నప్పుడు

1983, ఎండలు ముదురుతున్న రోజులు. మదనపల్లె బస్టాండు దగ్గర నాకొక చిన్న కేసెట్ల షాపు, దాంతోపాటు మైకుసెట్టు బాడుగకిచ్చే పని ఉండేవి. పెళ్లి పాటలు, హరికథలు, ఎన్నికల ప్రచారాలు, అన్నీ రికార్డు చేశాను. జనం ముందు జరిగిన హాస్యాన్ని ఉన్నదున్నట్టు కేసెట్ చేసింది మాత్రం ఒక్కసారే.

తంబళ్లపల్లె వైపు ఒక మెట్ట పల్లెలో రెడ్డెప్ప, సిద్దప్ప అని అన్నదమ్ములుండేవాళ్లు. సేద్యం చేసుకుంటూనే తిరునాళ్లలో పాడేవాళ్లు. రెడ్డెప్ప హార్మోనియం ముందు కూర్చుని గొప్పలు పోతూ పాట ఎత్తుకుంటాడు. చిన్నవాడు సిద్దప్ప డోలక్ మీద ఒక దెబ్బేసి అన్న గాలి తీసేస్తాడు. అదీ వాళ్ల వరస. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. కుప్పంలో నా కేసెట్లు అమ్మే ఆయన, "ఆ అన్నదమ్ములది ఒగటి చెయ్యప్పా, జనం ఎగరేసకపోతారు" అని వెంటపడితే నేను సరేనన్నాను.

తీరా చూస్తే స్టేజీ దిగాక ఇద్దరికీ మాటల్లేవు. బస్సులో ఒకరు ముందు, ఒకరు వెనక. పక్కనే నిలబడ్డ తమ్ముణ్ణి వదిలేసి, "టైమెంతో వాణ్ని అడుగప్పా" అని రెడ్డెప్ప నాతో అడిగించేవాడు. భలే మనుషులు! పొలం పంచుకున్నప్పుడు బోరు తమ్ముడి వాటాలో పడిందట. నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి రెండేళ్లుగా ఎడమొహం పెడమొహం. పాట మాత్రం మానలేదు. ఒక్కణ్ణే అయితే ఎవరు పిలుస్తారు?

రికార్డింగు పుంగనూరు సంత మైదానంలో పెట్టాం. స్టీరియో డెక్‌లో రెండు ఛానళ్లుంటాయి, అంటే రెండు మైకుల శబ్దాన్ని విడివిడిగా ఎక్కించొచ్చు. ఒకటి పాడేవాళ్ల ముందు పెట్టాను, ఇంకొకటి జనం వైపు తిప్పాను. జనం నవ్వు లేని హాస్యం ఉప్పులేని కూరలాగుంటుంది.

పాట మంచి జోరులో ఉండగా రెడ్డెప్ప హార్మోనియం ఆపేశాడు.

"రేయ్ సిద్దా, రెండు తడులు నీళ్లియ్యరా. శెనక్కాయకి ఊడలు దిగే టయాన భూమి రాయి మాదిరి ఉండాది. నీ కాళ్లు పట్టుకుంటా."

సిద్దప్ప క్షణం కూడా ఆగలేదు. "పట్టుకోన్నా, పట్టుకో! ఎడమ కాలు శానా నొప్పిగా ఉండాది, అట్లే కొంచిం పిసుకు!"

మైదానం గొల్లుమంది. డెక్ మీద శబ్దం చూపే ముల్లు ఎర్ర గీత దాటిపోయింది. రెడ్డెప్ప తల వంచుకుని మళ్లీ హార్మోనియం అందుకున్నాడు. ఆ రాత్రి అంత బ్రహ్మాండమైన నవ్వు మరొకటి పడలేదని నేను సంబరపడ్డాను.

వారం తర్వాత సిద్దప్ప ఒక్కడే షాపుకొచ్చాడు. మిక్సింగుకి ముందు నేను జనం ఛానల్ మూసేసి గొంతులు మాత్రమే వింటాను. హెడ్‌ఫోన్ అతనికిచ్చాను. తొడ మీద తాళం వేస్తూ, తన మాటలకు తనే నవ్వుకుంటూ విన్నాడు. ఉన్నట్టుండి తాళం ఆగిపోయింది.

"మళ్లా ఎయ్యప్పా."

వెనక్కి తిప్పి వేశాను. ఇంకోసారి వేయమన్నాడు. హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుని, "జనం యాడికి పోయినారు?" అన్నాడు.

"ఆ మైకు మూసినా."

"మా అన్న ఏడస్తాండాడు గదప్పా! నేను పాట్లో మాటే అనుకుంటి. ఎప్పుడూ కొత్తవి కలుపుతాంటాడు గదా అని జవాబిస్తి. ఇంటికాడ నేను మొగం సూడను. అడగాలంటే ఆయప్పకి ఆ స్టేజీ తప్ప ఇంకేముండాది?"

టీ చెప్పాను, తాగలేదు. తంబళ్లపల్లె బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాడు. ఆ నవ్వును చూసి నేను కూడా మురిసినవాణ్ణే.

నెల తిరక్కముందే ఇద్దరూ కలిసే వచ్చారు. ఆ రోజు షాపు నుంచి పోయి ఊళ్లో బస్సు దిగిన పొద్దే సిద్దప్ప అన్న చేనికి నీళ్లు తిప్పాడట. సగం చెట్లు అప్పటికే మాడిపోయాయి, మిగతావి నిలిచాయి.

"ఆ ముక్క కత్తిరించేస్తా రెడ్డెప్పా" అన్నాను.

"యాల? ఉండనీ. నీళ్లు పారినాయి గదా, ఇంగ నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ."

కత్తిరించలేదు. కేసెట్ బాగా అమ్ముడుపోయింది, అందరూ ఆ ముక్కే అడిగి వేయించుకునేవాళ్లు. నవ్వు ఎంత గట్టిగా వినబడినా అది నవ్వినవాళ్ల గొంతే, పాడినవాడిది కాదని నాకు తెలిసింది ఆ ఇద్దరి వల్లే.

ఇద్దరూ కలిసి వచ్చిన ఆ రోజే పూర్తయిన కేసెట్ వాళ్లకు వినిపించాను. జనం గొల్లుమన్నచోట రెడ్డెప్ప కూడా కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. సిద్దప్ప మాత్రం లేచి బయటికి పోయి, పాట మారేదాకా లోపలికి రాలేదు.