తేనెరంగు చుక్క

కంటి ఆసుపత్రి మేడమీది గదిలో పెట్టుడు కళ్ళకు రంగులు వేసే పెద్దాయనను అందరూ కళ్ళ మాస్టారంటారు. ఎదుటి మనిషి కంట్లోకి తలవంచి చాలాసేపు చూసి, ఆ తర్వాతే ఆయన కుంచె ముట్టుకుంటాడు. చదువుకునే రోజుల్లో ఒక భావకవి ఆయనకు తలకెక్కాడు. నిజమూ అందమూ వేరు కాపురాలు పెట్టవని ఆ కవి నమ్మకం. నలభై ఏళ్ళుగా మాస్టారి నమ్మకమూ అదే.

ప్రమాదంలో ఒక కన్ను పోయిన అమ్మాయి మొన్న ఆయన దగ్గరికి వచ్చింది. ఏడాదిగా ఎవరు ఎదురుపడినా ముఖం పక్కకు తిప్పుకుంటోందట.

“మచ్చ లేకుండా, తెల్లగా చెయ్యండి మాస్టారూ. ఇదన్నా అందంగా ఉండాలి.”

“ఉన్న కంటికేం తక్కువమ్మా? నిద్ర చాలక సన్నగా ఎర్రజీరలున్నాయి. నల్లగుడ్డు పక్కన తేనెరంగు చుక్కుంది. అవి లేకపోతే ఇది నీ కన్నెలా అవుతుంది?”

ఆయన ఎర్ర పట్టుదారపు పోగులు విడదీసి జీరలుగా అతికించాడు. చుక్కను మాత్రం మూడుసార్లు చెరిపి మళ్ళీ వేశాడు.

కన్ను అమర్చాక, కొత్తగా చేరిన నర్సు అది పొడిబారకుండా వేసే చుక్కలమందుతో వచ్చి, ఆమె ముఖంలోకి చూసి తడబడింది.

“ఏ కంట్లో వెయ్యాలమ్మా?”

ఆ అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుని, ముఖం నర్సుకు దగ్గరగా పెట్టింది.

“ఇంకోసారి బాగా చూసి, మీరే చెప్పండి.”