పాచిక వెయ్యమన్న బావ

నిరుడు కంపెనీ కాలనీ సెక్టర్ 6లో మా అత్త క్వార్టర్‌లో పాచికలతో కథ నడిపే ఆట ఆడుతున్నాం. నడిపించేది అత్త కొడుకు కిరణ్ బావ. ఆటలో ఏదైనా కనిపెట్టాలంటే పాచిక వేసి నెగ్గాలి. గమనింపు మార్కులు ఎక్కువున్న పాత్రకు మాత్రం వేయకుండానే తెలుస్తుంది. నా పాత్రకు బావగారు దయతలచి ఇచ్చింది రెండే మార్కులు.

"బావా, గ్యాస్ వాసనొస్తంది."

"నీకెలా తెలుస్తాదే? ముందు పాచిక వెయ్యి" అంటూ, గది గుహలా కనబడాలని కొవ్వొత్తి కోసం అగ్గిపుల్ల తీశాడు.

అగ్గిపుల్ల కిందపడేలా బావ చేతిమీద ఒక్కటిచ్చి, వంటింట్లోకి పరుగెత్తాను. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. సిలిండర్ కట్టేసి, కిటికీలు తెరిచాను.

"అరే యార్, ఆటలో వాసనేమో అనుకున్నానే!" అన్నాడు.

ఇప్పుడు చుట్టాలందరికీ ఆ వాసన తానే పసిగట్టానని చెప్పుకుంటున్నాడు. నేను కాదనను; వాసన తెలిసీ అగ్గిపుల్ల తీశాడన్నమాట. అతణ్ణి అంతకన్నా చులకన చేయడం నాకు చేతకాదు.