అమ్మ కోసం చేసిన మొదటి ఉగ్గాని

మా చిన్నప్పుడు మియాపూర్‌లో ఇంటి తాళంచెవి నా మెడలోనే ఉండేది... నల్లతాడుకు కట్టుకుని, యూనిఫాం లోపలికి వేసుకునేదాన్ని. బడి నుంచి వచ్చి తలుపు తీస్తే లోపల ఎవరూ ఉండేవారు కాదు.

నాన్న పోయిన మరుసటి ఏడాది అమ్మ నన్ను తీసుకుని అనంతపురం నుంచి ఇక్కడికి వచ్చింది. మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో వంటమనిషిగా కుదిరింది. కంప్యూటర్ ఉద్యోగాలు చేసే అమ్మాయిలు అరవై మంది... వాళ్ళ టిఫిన్ కోసం అమ్మ తెల్లవారకముందే బస్సెక్కేది. రాత్రికి వాళ్ళకు చపాతీలు చేసి, గిన్నెలు సర్దేసి ఇల్లు చేరేసరికి నేను పుస్తకం మీదే నిద్రపోయి ఉండేదాన్ని.

అమ్మ పొద్దున వండిన అన్నం, పప్పు స్టూలు మీద మూతపెట్టి ఉండేవి. సాయంత్రానికి చల్లబడి గడ్డకట్టేవి. ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని... నేను నమిలే చప్పుడు నాకే వినిపించేది. పక్క పోర్షన్‌లో యాదమ్మ వంట మొదలుపెడితే, పళ్ళెం తీసుకుని ఆ గోడ పక్కకు జరిగి కూర్చునేదాన్ని. అటువైపు ఒక మనిషి ఉన్నట్టు తెలిసేది కదా...

అమ్మ నాకు పెట్టిన నియమం ఒక్కటే. "నేను లేనప్పుడు పొయ్యి ముట్టించొద్దు." పదేళ్ళ దాన్ని, ఎప్పుడూ మీరలేదు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. గుమ్మం పక్కన అమ్మ చెప్పులు... సంతోషం పట్టలేక లోపలికి పరిగెత్తాను. అమ్మ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

"వచ్చినావా పాపా... జ్వరం వచ్చిందని పంపిచ్చినారు. రోంత పండుకుంటా" అంది.

"తిన్నావా అమ్మా?" అని అడిగాను.

అరవై మందికి వండి వచ్చిన మనిషి... లేదని తల ఊపింది.

స్టూలు మీది అన్నం కలిపి తీసుకెళ్ళాను. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక పక్కకు తిరిగింది. "వద్దులే పాపా, నువ్వు తిను" అని కళ్ళు మూసుకుంది. అలా పడుకున్న అమ్మను చూస్తే నాకు నాన్న చివరి రోజులు గుర్తొచ్చాయి. ఆయన కూడా ముందు అన్నం వద్దనడమే మొదలుపెట్టారు. చాలా భయం వేసింది.

డబ్బాలో బొరుగులు, అదే మరమరాలు, కనిపించాయి. ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మ తరచుగా ఉగ్గాని చేసేది. నిమిషాల్లో అయిపోయే వంట. నీళ్ళలో తడిపిన బొరుగులను గట్టిగా పిండి, తాలింపులో వేసి, పుట్నాల పప్పుల పొడి చల్లితే అయిపోతుంది. చూశాను కానీ ఎప్పుడూ చెయ్యలేదు.

మూడు అగ్గిపుల్లలు వృథా అయ్యాక పొయ్యి వెలిగింది. నూనె పొగలు వచ్చేదాకా ఆవాలు వెయ్యాలని తోచలేదు. వేశాక అన్నీ చిటపటమని నా మీదికే ఎగిరాయి. ఉల్లిపాయ తరిగేలోపు, నీళ్ళలో వేసిన బొరుగులు నాని ముద్దయిపోయాయి. వంటగదంతా పొగ. ఏడుపొచ్చింది... గట్టిగా ఏడిస్తే అమ్మ లేస్తుందని పెదవి కొరుక్కున్నాను.

పొగ చూసి యాదమ్మ వచ్చింది. "ఏంది బిడ్డా, గీ పొగ ఏంది? మీ అమ్మ ఏడున్నది?"

చాప వైపు చూపించాను. ఆమె వెళ్ళి అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వచ్చింది. మంట తగ్గించి, మాడినది ఒంపేసింది. "ఫికర్ చెయ్యకు. జర మల్లా బొరుగులు తడుపు... ఇగ తీసెయ్, గట్టిగ పిండు." గరిటె అందుకోబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. "నువ్వే కలుపు. నేను ఈడనే నిలబడ్త" అంది.

పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళి అమ్మను లేపాను. గోడకు ఆనుకుని కూర్చుంది. పళ్ళెం వైపు, నా చేతి మీద ఆవాలు ఎగిరిన మచ్చల వైపు చూసింది.

"ముట్టించొద్దని చెప్పింటి కదా" అంది.

"చెప్పింటివి" అన్నాను.

పళ్ళెం అందుకుంది. తినడం మొదలుపెట్టింది. ఉప్పు ఎక్కువైందని నాకు తెలుసు... రుచి చూశాను. ఒక్కో పిడికెడు నెమ్మదిగా తింటూ పళ్ళెం ఖాళీ చేసింది.

"ఇంగ రోంత ఉందా?" అని అడిగింది.

గిన్నె తేవడానికి వెళ్ళి, వంటగదిలో యాదమ్మ నడుము పట్టుకుని ఏడ్చేశాను.

జ్వరం మూడు రోజులకు తగ్గింది. ఆ తర్వాత రోజూ బయల్దేరే ముందు, నన్ను లేపి జడ వేస్తూ అమ్మ ఒక వంట చెప్పేది. టమాటా చారు... కోడిగుడ్డు పొరటు... బియ్యం మీద వేలు ఆనించి నీళ్ళు కొలవడం... హాస్టల్లో రెండో వంటమనిషితో మాట్లాడుకుని ఎప్పటికన్నా ఒక బస్సు ముందే ఎక్కి ఇల్లు చేరేది. అక్కడ తినడం మానేసి, ఆకలితో వచ్చేది. నేను వేడివేడిగా వడ్డించేదాన్ని. ఉప్పు తక్కువైనా, చారు నీళ్ళలా ఉన్నా, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం.

అమ్మ పోయి మూడేళ్ళు.

ఇప్పుడు కోకాపేటలో ఇరవై మూడో అంతస్తులో ఉంటున్నాను. ఒక్కదానికి సరిపడా వండుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు... ఎంత తక్కువ చేద్దామన్నా ఇద్దరికి అవుతుంది. అందుకే చాలా రోజులు ఫోన్‌లోనే తెప్పించుకుంటాను. ఈ వరుసలో అందరం అంతే. ప్రతి తలుపు ముందూ ఒక కవరు... తలుపు కొంచెం తెరుచుకుంటుంది, ఒక చెయ్యి బయటికొస్తుంది, కవరు లోపలికి పోతుంది. పక్క ఫ్లాట్‌లో ఉండేదెవరో నాకు ఇంకా తెలియదు.

మీరు మొట్టమొదట పొయ్యి వెలిగించింది ఎవరి కోసం? ఏం చేశారు, వాళ్ళు తిన్నారా? రాయండి... ఈ ఆదివారం నాకు వేరే పనేం లేదు, అన్నీ చదువుతాను.